కాలరు కింది అట్ట

సొహార్‌ల మా లాండ్రీ వెనక గదిల
మడతపెట్టిన ప్రతి అంగీ లోపల
ఒక తెల్లట్ట పెడ్తం, ఛాతి నిలబడెటందుకు.
ఆ అట్టల మీదనే నేను కథలు రాస్త.
కాయితం కొనొచ్చు. కానీ
కొన్న కాయితం ముందట నా చెయ్యి
ఇంటర్వ్యూకు వచ్చినోని లెక్క బిగుసుకపోతది.

అప్పుడు ఒక దొంగ కథ నడుస్తున్నది.
క్యాంపుల, గదుల ముందట చెప్పులు ఎత్తుకపోయెటోడు.
ఆరో అట్ట మీద వాణ్ణి లారీ కింద పడేసిన.
ఎటూ తెగని కథకు
ఎప్పుడూ ఒక లారీ దొరుకుతది.

ఆ అట్టను షొహాగ్ తొందరల
బి-పదిహేడు అంగీల పెట్టి వ్యాన్ ఎక్కించిండు.
నీలం గీతల అంగీ, నలభైరెండు సైజు.
పోతే పోనీ, ఆ ఇంట్ల తెలుగెవరికి వచ్చు అనుకున్న.

వారానికి అంగీ మాసి వచ్చింది.
జేబుల అట్టముక్క, పెన్సిల్‌తోని గుండ్రటి అక్షరాలు:
"చంపేశారేంటండీ వాణ్ణి?"

ఆవిరి గొట్టం పట్టుకోని అట్లనే నిలబడ్డ.
కుంజుమోన్ సేటు అరుస్తున్నడు, వినపడ్తలేదు.
ఆ 'అండీ' గోదావరి దిక్కుది. గంతే తెలుసు.
వంటామెనో, డ్రైవరో, పిల్లలను చూసే మనిషో.

లారీని వెనక్కు తీసిన.
దొంగను లేపి కూసోబెట్టిన.
మొదటి అయిదు అట్టలు గూడ వరసగ పంపిన.
ఇగ బేస్తారం బేస్తారం ఒక అట్ట పోయేది,
ఒక మాట వచ్చేది.

"దొంగ ఎవరో రెండో అట్టకే తెలిసిపోయిందండి,
అది దాచినందుకు మీకు మార్కుల్లేవు.
ఎత్తుకుపోయిన చెప్పుకి తెగిన ఉంగటం
వాడే కూర్చుని కుట్టాడు చూడండి,
అక్కడ మాత్రం స్టవ్వు ఆపేసి మళ్లీ చదివాను."

అంటే వంటామెనే కావచ్చు. కాకనూ పోవచ్చు.

కథల ఆశ్చర్యమంటే
తలుపెనక మనిషిని దాచుడు అనుకుంటి అప్పటిదాంక.
ఆ మనిషి ఎదురుంగనే కూసొని
సూది దారం అడుగుతడని ఎరుగ.

"సూపర్‌వైజర్ని మరీ బండరాయిలా రాశారు,
కనీసం ఒక పంటినొప్పయినా ఇవ్వండి పాపం."
ఇచ్చిన.
వాడు నడిరాత్రి లవంగం అడుక్కుంట
గది గది తిరిగిండు.
దొంగ గదిల దొరికింది.
నేను రాసిన్నని చెప్పుకునుడే గాని
ఆ రాత్రి కథ నన్ను అడగలే.

అన్నీ ఒప్పుకోలే నేను.
"చివర్లో పెళ్లి పెట్టండి" అంటే పెట్టలే.
రెండు వారాలు అంగీ ఉత్తగనే వచ్చింది,
జేబుల ఒక పార్కింగ్ చీటీ తప్ప.

మొన్న వచ్చిన అట్ట నిండా ఆ అక్షరాలే.
"నేనూ ఒకటి మొదలుపెట్టానండి, నవ్వకండి.
సొహార్‌లో ఇస్త్రీ చేసే ఒక మనిషి.
చాలా మంచివాడు. ఎవరికీ అన్యాయం చెయ్యడు."

మూడుసార్లు చదివిన.
ఎంత దూరం నడిచినా వానికి నీడ పడ్తలేదు.
అందరు పోయినంక కింద రాసిన:

"కథ బాగుంది. మనిషి బాగలేడు.
గింత మంచోణ్ణి రెండో అట్టదాంక ఎవరు చదువుతరు?
గిది పెట్టుండ్రి.
పోయిన రంజాన్‌ల వాడు ఒక తెల్ల కాలరు కాల్చిండు.
ఎవరు అని సేటు అడిగితే
పక్కనున్న పిల్లగాని దిక్కు చూసిండు.
ఏమనలే. చూసిండు. గంతే.
పదిహేను రియాళ్లు ఆ పిల్లగాని జీతంల కోసిండ్రు.
ఆ పిల్లగాడు ఇప్పటికీ
వానికి చాయ్ తెచ్చిస్తడు.
ఎందుకో వానికి తెల్వది. మీరే రాయాలె."

గుండీలు పెట్టిన. కవరు అతికించిన.
పొద్దుగాల ఐదింటికి వ్యాన్.
షొహాగ్ కట్టలు ఎత్తుతుంటే
బి-పదిహేడు నేనే చేతికిచ్చిన.
"పైలం" అన్న.
వానికి తెలుగు రాదు.
నవ్విండు.